నూట తొంభై ఒక్కమంది ఉపాధ్యక్షులు

ఆ బుధవారం ఉదయం కార్యదర్శి పెట్టుకున్న పని చాలా చిన్నది. ఎనిమిదిన్నరకు ఫ్యాక్టరీ బండి వచ్చేలోగా రెండు ఈమెయిళ్లు పంపించి, నాలుగు ముద్దలు తిని, బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడాలి. అంతే.

ఆయన వృత్తి ప్రెషర్ గేజీలు పరీక్షించడం. బాయిలరు మీద గేజీ ముల్లు పది చూపిస్తే అది నిజంగా పదేనా, లేక మొహమాటానికి పది అంటోందా అని తేల్చి చెబుతాడు. ముల్లు వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఊరుకోడు. ఆ పట్టుదల మనుషుల దగ్గర మాత్రం ఉండదు. ఎవరేమడిగినా కాదనలేడు. తొమ్మిదేళ్ల కిందట ఎవరో "ఈ ఒక్క ఏడాదికి మీరు చూడండి" అంటే తలూపి, కొలత పరికరాల సాంకేతిక నిపుణుల సంఘానికి గౌరవ కార్యదర్శి అయ్యాడు. ఆ ఒక్క ఏడాది ఇంకా పూర్తికాలేదు.

సంఘంలో నూట తొంభై నాలుగు మంది సభ్యులు. ఆసుపత్రి థర్మామీటర్లు సరిచూసేవాళ్లు, లారీలు తూచే కాటాలు బిగించేవాళ్లు, స్క్రూగేజీలతో సూది మందం కొలిచేవాళ్లు. అందరూ పనిలో ఘటికులే. సమావేశానికి రమ్మంటే మాత్రం ఒక్కరూ రారు. ఆ ఏడాది మొదటి సర్వసభ్య సమావేశానికి పదకొండు మంది వచ్చారు. రెండోదానికి తొమ్మిదిమంది వచ్చారు, అందులో ఇద్దరు పక్క హాల్లో జరగాల్సిన నిశ్చితార్థానికి దారి తప్పి వచ్చినవాళ్లు. నియమావళి ప్రకారం కోరానికి యాభై మంది కావాలి. వరసగా మూడోసారి కూడా కోరం లేకపోతే సంఘం రద్దయి, ఒక పెద్ద ఇంజనీర్ల సమాఖ్యలో కలిసిపోతుంది. కొత్తగా పనిలో చేరిన టెక్నీషియన్లు చేయి తిరిగేలా సాధన చేయడానికి వచ్చే పరీక్ష గది, గాజు బీరువాలోని ప్రామాణిక తూకపు రాళ్లు, అన్నీ ఆ సమాఖ్య గిడ్డంగిలోకి పోతాయి. ఆ రాళ్లను నెలకోసారి మెత్తటి గుడ్డతో తుడిచేది కార్యదర్శే.

అందుకే ఆయన ఒక పథకం వేశాడు. ఒక్కో రకం పరికరానికి ఒక్కో ఉపాధ్యక్షుడు చొప్పున అయిదుగురిని పెడితే, ఆ అయిదుగురూ తలా పదిమందిని లాక్కొస్తారు. ఫోన్లో బతిమాలి అయిదుగురిని ఒప్పించాడు. ఇక మిగిలింది రాతపూర్వకంగా పంపడమే. అయిదుగురికీ మూడు వాక్యాల ఉత్తరం: "మీ పేరును సంఘం ఉపాధ్యక్ష పదవికి ప్రతిపాదించాము. వచ్చే బుధవారంలోగా మీ అభ్యంతరం అందకపోతే మీరు అంగీకరించినట్టుగా భావిస్తాము. కృతజ్ఞతలు." సభ్యులందరికీ నాలుగు పేజీల ఉత్తరం: నాయకత్వంలో వస్తున్న మార్పులు, సంఘం చరిత్ర, సభ్యుల బాధ్యత, చివరికి దయచేసి సమావేశానికి రండని వేడుకోలు.

రెండూ సిద్ధంగా ఉన్నాయి. అడ్రసులు పెట్టి మీట నొక్కడమే తరువాయి. సరిగ్గా అప్పుడే బాత్రూం కుళాయి మూసుకోవడం లేదని భార్య పిలిచింది. ఆవిడ పళ్ల డాక్టరు. ఎదుటివాళ్లు నోరు తెరుచుకుని ఉండగా తనొక్కతే మాట్లాడటం అలవాటైన మనిషి కాబట్టి, పిలిచిందంటే జవాబు కోసం కాదు. ఆయన వెళ్లి కుళాయి బిగించాడు. తిరిగి వస్తుంటే మామగారు కళ్లజోడు కనిపించడం లేదన్నాడు. అది ఆయన నుదుటి మీదే ఉంది. ఆ సంగతి మర్యాదగా చెప్పడానికి మరో రెండు నిమిషాలు పట్టింది. కింద బండి హారన్ మోగింది. కార్యదర్శి నిలబడే అడ్రసులు పెట్టి, రెండు మీటలూ నొక్కి పరుగెత్తాడు.

నాలుగు పేజీల ఉత్తరం అయిదుగురికి వెళ్లింది. మూడు వాక్యాల ఉత్తరం అందరికీ వెళ్లింది.

తప్పు వెంటనే బయటపడాల్సిందే. కానీ ఆ సంఘం నుంచి వచ్చే ఉత్తరాలన్నిటికీ "కార్యవర్గ సమాచారం" అనే శీర్షికే ఉంటుంది. అది కనబడగానే సభ్యుల వేలు దానంతట అదే పక్కకు జరిపేస్తుంది. ఒక్కరూ తెరవలేదు. జాబితాలో తన పేరు కూడా ఉంది కాబట్టి ఆ ఉత్తరం కార్యదర్శికీ వచ్చింది. తను రాసిందే కదా అని ఆయనా తెరవలేదు.

తెరిచి చదివినవాడు లోకంలో ఒక్కడే, ఆయన మామగారు. ఆయన తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. సంఘంలో ఏడో నంబరు సభ్యుడు. సంఘం నుంచి ఏ కాగితం వచ్చినా సిరా కలంతో జవాబు రాసి, స్టాంపు అంటించి పోస్టులో వేస్తాడు. అల్లుడు అదే ఇంట్లో, అదే బల్ల దగ్గర ఎదురుగా కూర్చుని తింటున్నా సరే, నోటితో చెప్పడు. ఇంటి సంగతులు ఇంట్లో, సంఘం సంగతులు టపాలో అన్నది ఆయన సిద్ధాంతం. "నా ఆరోగ్యరీత్యా ఉపాధ్యక్ష పదవికి అభ్యంతరం తెలియజేస్తున్నాను" అని రాసి, ఆ సాయంత్రం నడకకు వెళ్తూ డబ్బాలో వేసి వచ్చాడు.

గడువు దాటిన మర్నాడు సంఘం కార్యాలయం నుంచి కార్యదర్శికి ఫోన్ వచ్చింది. కార్యాలయంలో ఉండేది ఒకే ఒక ఉద్యోగిని. నియమావళి మొత్తం కంఠతా వచ్చు కనుక అందరూ ఆవిడను రూల్స్ మేడమ్ అంటారు. ఆ సమయానికి కార్యదర్శి బాయిలరు పక్కన ఉన్నాడు, మోతకు పెట్టుకున్న చెవి మూతను ఒక పక్క కాస్త ఎత్తి ఫోను ఆనించుకున్నాడు.

"సార్, ఒక్కరే అభ్యంతరం రాశారు. మిగతా వాళ్లందరికీ నియామక పత్రాలు పంపించేయమంటారా?"

"పంపించేయండి."

"అందరికీనా సార్?"

"అందరికీ అమ్మా. ఒక్కళ్లని కూడా వదలొద్దు. ముందే ఆలస్యమైంది."

ఒకరు అభ్యంతరం చెప్పారన్న మాట బాయిలరు మోతలో కలిసిపోయింది. ఉత్తరం అందరికీ వెళ్లినట్టు కార్యాలయానికి వచ్చిన ప్రతిలో చూసిన రూల్స్ మేడమ్‌కు ఆశ్చర్యం వేయలేదని కాదు. కానీ ఆశ్చర్యపడే అధికారం కార్యాలయ సిబ్బందికి ఉన్నట్టు నియమావళిలో ఎక్కడా లేదు. అధ్యక్షుడికీ కార్యదర్శికీ ఇప్పటికే పదవులున్నాయి, ఒకరికి రెండు పదవులు కుదరవు. అభ్యంతరం చెప్పిన పెద్దాయన ఒకరు. ఆ ముగ్గురినీ తీసేస్తే నూట తొంభై ఒకటి. ఆవిడ మందపాటి కాగితం మీద నూట తొంభై ఒక్క పత్రాలు అచ్చు వేయించి, ఒక్కో దానిమీద పేరు ముత్యాల్లాంటి అక్షరాలతో చేత్తో రాసి, సంఘం ముద్ర కొట్టి, రిజిస్టరు పోస్టులో పంపింది. ముద్ర సిరా రెండుసార్లు అయిపోయింది.

ఈమెయిలైతే వేలితో పక్కకు జరపొచ్చు గానీ, రిజిస్టరు ఉత్తరం అలా కాదు. ఇంట్లో ఎవరో ఒకరు సంతకం పెట్టి తీసుకోవాలి. తీసుకున్నవాళ్లు విప్పకుండా ఉండలేరు. మంగళవారం మధ్యాహ్నానికల్లా నూట తొంభై ఒక్క ఇళ్లలో భార్యలు, భర్తలు, అమ్మలు, అత్తలు ఆ పత్రం చదివేశారు. సాయంత్రానికి పక్కింటివాళ్లకూ తెలిసిపోయింది.

మర్నాడు కార్యదర్శికి ముందుగా ఫోన్ చేసినవాడు అధ్యక్షుడు. ఆయన లారీల కాటాలు బిగించే కంపెనీకి మేనేజరు. గొంతు కూడా కాటాకు తగినట్టే ఉంటుంది, అందుకే ఆయన్ను టన్నుగారంటారు.

"మా ఆఫీసులో పదకొండు మంది ఉపాధ్యక్షులున్నారయ్యా" అన్నాడు టన్నుగారు. "పొద్దున్న కాటా చూడ్డానికి ఒకళ్లు వెళ్లండయ్యా అంటే పదకొండు మందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏం చేశావు నువ్వు?"

ఏం చేశాడో కార్యదర్శికి అయిదు నిమిషాల్లో తెలిసింది. రూల్స్ మేడమ్‌కు ఫోన్ చేస్తే, ముద్ర పడిన పత్రాన్ని వెనక్కి తీసుకునే అధికారం సర్వసభ్య సమావేశానికే ఉందనీ, లేదంటే ఎవరికివారే రాజీనామా ఇవ్వాలనీ పద్దెనిమిదో నియమం చదివి వినిపించింది. టన్నుగారు మాత్రం తేల్చి చెప్పేశాడు. రేపు సెలవు పెట్టి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, పొరపాటైంది రాజీనామా చేయండని అడగాలి. ఆదివారం సమావేశంలోపు అంతా శుభ్రమైపోవాలి.

రాత్రి భోజనాల దగ్గర కార్యదర్శి తలవంచుకుని జరిగింది చెప్పాడు. భార్య వింటూ చపాతీ వడ్డించడం ఆపేసింది. మామగారు మాత్రం నిదానంగా మజ్జిగ తాగి, ఇందులో ఒక సాంకేతిక సమస్య ఉందన్నాడు.

"మౌనం అర్ధాంగీకారం అన్నారు గాని పూర్ణాంగీకారం అనలేదు కదయ్యా. జవాబివ్వని ప్రతివాడూ సగమే ఒప్పుకున్నట్టు. నూట తొంభై ఒకటిలో సగం తొంభై అయిదున్నర. ఆ అర ఉపాధ్యక్షుడు ఎవరో తేల్చాలి ముందు."

"నాన్నా, మజ్జిగ చాలా?" అంది కూతురు.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి కార్యదర్శి వరండాలో కుర్చీ వేసుకుని, ఒళ్లో జాబితా పెట్టుకుని కూర్చున్నాడు. చెప్పాల్సిన మాటలు ముందే కాగితం మీద రాసుకున్నాడు. జాబితాలో మొదటి పేరు ఒక ఆసుపత్రిలో థర్మామీటర్లు సరిచూసే ఇంజనీరుది. ఆ మనిషి మొహం ఎలా ఉంటుందో కూడా కార్యదర్శికి గుర్తు రాలేదు.

"సార్, మీరే చేశారా" అన్నాడు థర్మామీటర్ల ఆయన. కార్యదర్శి కాగితం చూసి చదవబోయే లోపే ఆయన మొదలుపెట్టాడు. పంతొమ్మిదేళ్లుగా సంఘంలో ఉన్నాడట. ఇన్నేళ్లలో తన పేరు చేత్తో రాసి సంఘం నుంచి ఒక్క కాగితం రావడం ఇదే మొదటిసారట. వాళ్లమ్మ ఆ పత్రాన్ని భూతద్దం పెట్టుకుని రెండుసార్లు చదివిందట. కూతురు దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించిందట. "ఆసుపత్రిలో మా పని ఎవరికీ కనబడదు సార్. జ్వరం తగ్గితే డాక్టరుగారిని మెచ్చుకుంటారు, థర్మామీటరు కరెక్టుగా ఉందని ఎవరూ అనరు. పోనివ్వండి. ఆదివారం నాకేం పని చెప్తారు?"

కార్యదర్శి ఒళ్లోని కాగితం వైపు చూశాడు. "పొరపాటున" అన్న మాట మొదటి వాక్యంలోనే ఉంది. ఆ కాగితాన్ని జాబితా కిందికి తోశాడు.

"కుర్చీలు" అన్నాడు చివరికి. "హాల్లో కుర్చీలు మీరు చూసుకుంటారా?"

"ఎన్ని వేయాలో, ఎవరెవరికి ఎక్కడ వేయాలో జాబితా పంపండి సార్. మిగతాది నాకొదిలేయండి."

ఒక్కరే కదా, మిగతా నూట తొంభై మందికి గట్టిగా చెబుదామనుకున్నాడు కార్యదర్శి. రెండో ఫోను స్క్రూగేజీలు చూసే ఒక మేడమ్‌కు. ఆవిడ పోయిన సమావేశాలకు ఎందుకు రాలేదో తనే చెప్పేసింది. అయిదేళ్ల కిందట ఒకసారి వచ్చిందట. మైకు గరగరల్లో ఒక్క ముక్క వినబడలేదట. ఇప్పుడు తను ఉపాధ్యక్షురాలు కాబట్టి ముందు ఆ మైకు సంగతి తేలుస్తానంది. కార్యదర్శి సరేనన్నాడు. మూడో ఆయన ముందుగా, ఎదురు ల్యాబు వాడు కూడా ఉపాధ్యక్షుడేనా అని అడిగాడు. అవునన్నాక, తను వాడికంటే ఆరేళ్లు ముందు సంఘంలో చేరానని గుర్తు చేశాడు. కార్యదర్శి, మీరు సీనియర్ ఉపాధ్యక్షులండీ అన్నాడు. అలా అన్నందుకు తరవాత చాలా బాధపడ్డాడు, ఎందుకంటే అరగంటలో ఎదురు ల్యాబు ఆయన ఫోన్ చేశాడు.

సాయంత్రం భార్య క్లినిక్ నుంచి వచ్చేసరికి కార్యదర్శి ఫోను చార్జింగుకు పెట్టి, తను కూడా గోడకు ఆనుకుని ఉన్నాడు.

"పొద్దున్న నూట తొంభై ఒక్కమంది. ఇప్పుడెంతమంది?" అంది ఆవిడ.

"నూట తొంభై ఒక్కమందే. కాకపోతే అందులో ఇరవై ఆరుగురు సీనియర్లు."

ఆవిడ చెప్పులు విప్పింది. తరవాత పక్కన కూర్చుని, కదిలిపోయిన పన్ను పీకకుండా రోజూ నాలుకతో తడుముకుంటే ఊడదు, వాస్తుందని చెప్పింది. ఆదివారం అందరి ముందూ నిజం చెప్పేయమంది. ఆయన తలూపాడు. తలూపడం ఆయనకు ఎప్పుడూ కష్టం కాదు.

ఆదివారం ఉదయం హాలు గేటు దగ్గరికి రాగానే కార్యదర్శికి కాళ్లు ఆగిపోయాయి. లోపల స్కూటర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. కార్ల వరస వీధి మలుపు దాకా ఉంది. గుమ్మంలో రూల్స్ మేడమ్ బల్ల వేసుకుని ఒక్కొక్కరికీ బ్యాడ్జి గుచ్చుకోవడానికి ఇస్తోంది. నూట అరవై ఒక్కమంది వచ్చారు. తొమ్మిదేళ్లలో ఆ హాల్లో అన్ని తలకాయలు ఆయన చూడలేదు. మైకు గంటలా మోగుతోంది. నీళ్ల సీసాలు, వచ్చినవాళ్ల సంతకాల పుస్తకం, కొత్తగా చేరినవాళ్లకు గోడ మీద పరికరాల బొమ్మలు, అన్నీ ఎవరో ఒకరు బాధ్యత తీసుకుని ఏర్పాటు చేసేశారు.

కుర్చీలు మాత్రం విచిత్రంగా ఉన్నాయి. థర్మామీటర్ల ఆయన జాబితా ప్రకారం నడుచుకునే మనిషి. ఆయనకు అందిన జాబితాలో వేదిక మీద కూర్చోవాల్సిన పదవుల వాళ్లు నూట తొంభై ముగ్గురు, సభలో కూర్చోవాల్సిన సాధారణ సభ్యుడు ఒకరు. వేదిక మీద పది కుర్చీలు పడితే గొప్ప. ఆయన రెండు రోజులు ఆలోచించి, హాలునే వేదిక అనుకుని అక్కడ నూట తొంభై మూడు కుర్చీలు వేశాడు. ఎత్తుగా ఉన్న అసలు వేదిక మీద సభికుల కోసమని ఒకే ఒక కుర్చీ వేశాడు.

మామగారు చేతికర్ర పట్టుకుని వచ్చి, తన కుర్చీ ఏదని అడిగి, మెట్లెక్కి వెళ్లి అందులో కూర్చున్నాడు. కింద నాయకత్వమంతా బ్యాడ్జీలతో, ఇస్త్రీ బట్టలతో ఆయనకు ఎదురుగా కూర్చుంది. ఆయన వాళ్లను తీరిగ్గా ఒక్కొక్కరినీ పరీక్షించాడు, పూర్వం అంగళ్లలో తూకపు రాళ్లను పరీక్షించినట్టు.

టన్నుగారు లేచి సమావేశం ప్రారంభమైందన్నాడు. జనాన్ని చూసి ఆయనకూ ఉత్సాహంగానే ఉంది. అప్పుడు రూల్స్ మేడమ్ సంతకాల పుస్తకం మూసి, ప్రారంభం కాలేదంది. కోరం అంటే యాభై మంది సాధారణ సభ్యులు. పదవుల్లో ఉన్నవాళ్లు లెక్కలోకి రారు. అది పదకొండో నియమం.

"ఇప్పుడు హాజరైన సాధారణ సభ్యులు ఒకరు సార్" అంది. "ఇంకా నలభై తొమ్మిది మంది రావాలి."

నూట అరవై ఒక్కమంది కూర్చున్న చోట కోరం లేదు. ఇది మూడోసారి. పదకొండున్నరలోగా కోరం కుదరకపోతే సంఘం రద్దు. గోడ గడియారంలో పదకొండు దాటింది. టన్నుగారు కార్యదర్శి వైపు చూసిన చూపుకు కాటా ముల్లయినా కదిలేది.

కార్యదర్శి లేచి మైకు దగ్గరికి వెళ్లాడు. తొమ్మిదేళ్లలో ఆ మైకులో తన గొంతు స్పష్టంగా వినబడటం అదే మొదటిసారి కావడం వల్ల ఆయనకే బెదురు పుట్టింది.

"ఆ ఉత్తరం మీకు రాసింది కాదండీ" అన్నాడు. "అయిదుగురికి రాశాను. హడావుడిలో అందరికీ పంపేశాను. తప్పంతా నాది. ఫోన్ చేసి చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. మీలో ఎవరినీ చిన్నబుచ్చాలని కాదు. క్షమించండి."

ముందు వరసలో ఒకాయన మెల్లగా బ్యాడ్జిని చేత్తో కప్పుకున్నాడు. కార్యదర్శికి ఫ్రిజ్ తలుపు గుర్తొచ్చి, థర్మామీటర్ల ఆయన కూర్చున్న వైపు చూడలేకపోయాడు.

వెనక నుంచి స్క్రూగేజీ మేడమ్ లేచి, మరి మాకు రాసిన అసలు ఉత్తరంలో ఏముందని అడిగింది.

"నాలుగు పేజీలండీ. మొత్తం మీద, దయచేసి ఈ సమావేశానికి రండి అని."

"వచ్చాం కదా" అంది ఆవిడ.

ఎక్కడో ఒకరు నవ్వారు. ఆ నవ్వు వరస వెంట వరస పాకింది. నవ్వు సద్దుమణిగేలోపు థర్మామీటర్ల ఆయన లేచి ముందుకు వచ్చాడు. బ్యాడ్జి తీసి రూల్స్ మేడమ్ బల్ల మీద పెట్టి, ఒక తెల్లకాగితం అడిగి, నిలబడే రెండు ముక్కలు రాజీనామా రాశాడు. ఇరవై రెండో నియమం ప్రకారం రాజీనామా ఇచ్చిన క్షణం నుంచే చెల్లుతుంది. ఆయన కార్యదర్శి పక్కన ఒక్క క్షణం ఆగాడు.

"పత్రం మాత్రం ఫ్రిజ్ మీదే ఉంచుతాను సార్. అమ్మకి చెప్పను. కుర్చీలు మళ్లీ నేనే సర్దుతాను."

ఆ తరవాత బల్ల ముందు బారు కట్టారు. కాగితాలు అయిపోతే కార్యదర్శి పంచడానికి తెచ్చుకున్న నాలుగు పేజీల ఉత్తరం అచ్చు ప్రతులు తీసి వాటి వెనక రాశారు. ఆ ఉత్తరం అంతమంది చేతుల్లోకి వెళ్లడం అప్పుడే. కొందరు రాజీనామా రాస్తూ వెనక్కి తిప్పి చదివారు కూడా. సీనియర్ ఉపాధ్యక్షులు మాత్రం జూనియర్ల కంటే ముందు తాము రాజీనామా చేయడమా, తరవాత చేయడమా అని కాసేపు తర్జనభర్జన పడి, చివరికి చేరిన సంవత్సరాల వారీగా చేశారు. తప్పు తనది కనుక కార్యదర్శీ రాజీనామా ఇచ్చాడు. అందరూ నిలబడి ఉండగా తనొక్కడే కూర్చోవడం బాగుండదని టన్నుగారూ ఇచ్చేశాడు.

పదకొండూ ఇరవై ఎనిమిదికి రూల్స్ మేడమ్ నూట అరవై ఒక్కమంది సాధారణ సభ్యులు హాజరని ప్రకటించింది. కోరం మూడింతలు దాటింది. సంఘం బతికింది. హాల్లో మాత్రం పదవిలో ఉన్నవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. అప్పటికే ఎత్తు మీద కూర్చుని ఉన్నది మామగారొక్కడే కాబట్టి, ఆయనే సభకు అధ్యక్షత వహించాల్సి వచ్చింది.

రానివాళ్ల పత్రాలను పద్దెనిమిదో నియమం ప్రకారం సభ వెనక్కి తీసుకుంది. కొత్త కార్యవర్గం ఎన్నిక అరగంటలో అయిపోయింది. అధ్యక్ష పదవికి టన్నుగారికి ఎదురు నిలబడినవాళ్లు లేరు. ఉపాధ్యక్షులుగా అసలు అనుకున్న అయిదుగురే వచ్చారు. కార్యదర్శి పదవి దగ్గరికి వచ్చేసరికి పాత కార్యదర్శి అలవాటు కొద్దీ నేల చూపులు చూశాడు. ఏటా ఆ ప్రశ్న అడిగినప్పుడు హాలంతా చెప్పులు చూసుకోవడం, ఆఖరికి ఆయనే తలూపడం మామూలు. మామగారు మైకు సరిచేసుకుని, అల్లుడి పేరు తనే ప్రతిపాదించాడు. ఇంకెవరైనా ఉన్నారా అని లాంఛనంగా అడిగాడు.

స్క్రూగేజీ మేడమ్ లేచి థర్మామీటర్ల ఆయన పేరు చెప్పింది. ఆయన కంగారుపడి వద్దు వద్దన్నాడు గానీ, చెవులు ఎర్రబడటం అందరికీ కనిపించింది. పాత కార్యదర్శి ఆ చెవుల వైపు చూశాడు. పాపం, పంతొమ్మిదేళ్లు ఎవరి కంటా పడని మనిషి. ఇంతమందిలో ఆయనకు రెండు మూడు ఓట్లే వస్తే ఎంత చిన్నతనం.

చీటీలు పంచారు. అందరూ అరచేయి అడ్డం పెట్టుకుని రాశారు. పాత కార్యదర్శి కూడా రాసి, నాలుగు మడతలు పెట్టి డబ్బాలో వేశాడు. కొలతలవాళ్ల సంఘం కనుక లెక్కింపు మూడుసార్లు జరగాలని నలుగురు పట్టుబట్టారు. మూడుసార్లూ ఒకే అంకె వచ్చింది. థర్మామీటర్ల ఆయనకు ఎనభై ఒకటి. పాత కార్యదర్శికి ఎనభై.

తొమ్మిదేళ్లుగా ఎవరో ఒకరు ఈ బరువు దించుతారా అని ఎదురుచూసిన మనిషి, దిగిన బరువు ఉండే చోట తడుముకుని చూసుకున్నాడు. తేలిగ్గానే ఉంది. కాస్త ఖాళీగా కూడా ఉంది. గాజు బీరువా తాళంచెవి కొత్త కార్యదర్శి చేతిలో పెడుతూ, తూకపు రాళ్లను వేళ్లతో ముట్టుకోకూడదని, గుడ్డ మెత్తగా ఉండాలని రెండుసార్లు చెప్పాడు. కొత్త కార్యదర్శి చెప్పినదంతా కాగితం మీద రాసుకున్నాడు. అది చూశాక ఈయనకు మనసు కుదుటపడింది.

వాళ్లను ఇంటికి తీసుకెళ్లడానికి భార్య కారు తెచ్చింది. మామగారు ముందు సీట్లో కూర్చున్నాడు. ఫలితం విని ఆవిడ పోనీలెమ్మంది గానీ, పెద్దాయనకు మాత్రం దారి పొడుగునా కడుపు మండిపోతూనే ఉంది. ఓడటం బాధ కాదన్నాడు. పాతిక ఓట్లతో ఓడినా సరిపెట్టుకునేవాడట. ఒక్కటి. తొమ్మిదేళ్లు గొడ్డులా చాకిరీ చేసిన అల్లుణ్ణి ఒకే ఒక్క ఓటుతో ఇంటికి పంపారు. అటు పడిన ఒక్క ఓటు ఇటు పడి ఉంటే మనవాడే గెలిచేవాడు కదా అన్నాడు.

"ఎవడో ఒక తిక్కమనిషి, మనవాడే ఎలాగూ గెలుస్తాడులే అని జాలిపడి అటు వేసుంటాడు. వాడెవడో దొరకాలి గాని, సంఘానికి రాయను, మొహం మీదే అడుగుతాను."

భార్య గేరు మారుస్తూ అద్దంలోంచి వెనక్కి ఒకసారి చూసింది.

తిక్కమనిషి వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.